‘కరిగిపోద్దిలే’ డాక్టరు

పోయిన నెల నరసరావుపేటలో ఒక కంటి ఆసుపత్రిలో నలుగురి ముందూ గొంతు చించుకుని అరిచాను. అరవకూడదు. మనవరాలి ఈడు డాక్టరమ్మ మీద అసలే అరవకూడదు. కానీ ఆ పిల్ల అన్న మాట అలాంటిది.

షుగరు వల్ల నా కుడికంట్లో వెనకవైపు పొర వాచింది. ఆ పిల్ల కాగితం మీద బొమ్మ వేసి ఓపిగ్గా చెప్పింది. “తాతగారూ, సన్నటి పుల్లముక్క లాంటిది సూదితో కంట్లోకి పంపిస్తాం. పాలిమర్‌తో చేసింది. అందులో మందు ఉంటుంది. మందుని కొంచెం కొంచెంగా వదులుతూ ఆ ముక్క కూడా లోపలే కరిగిపోతుంది. మళ్ళీ తీయాల్సిన పని లేదు” అంది.

కరిగిపోతుంది. మళ్ళీ తీయాల్సిన పని లేదు. ఈ రెండు మాటలూ ఇదే వరసలో నేను వయసులో ఉన్నప్పుడు విన్నాను. “ఏదీ, నీళ్ళలో వేసి చూపించు!” అని అరిచాను. “గ్లాసు తెప్పించు. అందరి ముందూ వేసి కరిగించు. అప్పుడు నమ్ముతా!” బయట బల్లల మీద కూర్చున్నవాళ్ళు లేచి తొంగిచూశారు. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా గిల్లింది. ఆ పిల్ల నాకేం జవాబు చెప్పిందో తర్వాత చెప్తాను. ముందు అప్పట్లో ఆ మాటలన్న ఆయన సంగతి చెప్పాలి.

ఆయన పేరు మాత్రం రాయను. రాస్తే చెయ్యి కడుక్కోవాలి.

ఎనభైల్లో నేను నరసరావుపేట నుంచి కారంపూడి మీదుగా మాచర్ల పోయే బస్సుకు కండక్టర్ని. ఆయన పేటలో కంటి డాక్టరు. వారానికో ఊళ్ళో, ఏ బడిలోనో, ఏ చర్చి వరండాలోనో ఉచిత కంటి శిబిరం పెట్టేవాడు. కారు ఉంది, కానీ ఆ గతుకుల్లో కారు పాడవుతుందని మా బస్సే ఎక్కేవాడు. తెల్ల సఫారీ సూటు. నుదుటి మీదికి కారిన జుట్టు రంగు. దవడ కింద ఎప్పుడూ జర్దాకిళ్ళీ. ఆయన ఎక్కాడంటే ముందు సీటు ఆయనది, పక్క సీటు ఆయన అల్యూమినియం పెట్టెది. నెత్తిన మూట పెట్టుకుని ముసలమ్మలు నిలబడి ఉంటే ఆ పెట్టె మాత్రం దర్జాగా కూర్చుని ప్రయాణం చేసేది. “డాక్టరుగారూ, పెట్టె కింద పెడదామండీ” అని ఒకసారి అడిగాను. “అందులో కళ్ళున్నయ్యయ్యా, జనం కళ్ళు!” అన్నాడు. బస్సంతా చేతులు జోడించింది.

కిటికీలోంచి ఉమ్మేవాడు. బస్సు పోతూ ఉండగా ఉమ్మితే ఆ తుంపర ఎక్కడ పడుతుందో చదువుకున్నవాడికి తెలియదా? వెనక కిటికీ దగ్గర పసిపిల్లని ఎత్తుకున్న ఒకామె మొహం తుడుచుకుని చూసుకుంటే కొంగంతా ఎరుపు. నేను వెళ్ళి చెప్తే వెనక్కి తిరిగి చూశాడు. “ఉతికితే కరిగిపోద్దిలే” అన్నాడు.

అది ఆయన మాట. దేనికైనా అదే. మా డ్రైవరు మెడ మీద సెగగడ్డ లేస్తే, “కరిగిపోద్దిలే.” గొంతు దగ్గర గడ్డ ఉందని ఒక నడివయసు ఆమె సిగ్గుపడుతూ కొంగు తొలగించి చూపిస్తే, కిళ్ళీ నములుతూ ఒక్క చూపు చూసి, “కరిగిపోద్దిలే.” భర్త చచ్చిపోయి నెల కూడా కాని పిల్ల ఏడుస్తుంటే దానికీ అదే. వినీ వినీ ఆ మాటంటేనే నాకు కంపరం పుట్టింది.

అన్నిటికన్నా రోత ఆయన చిటికెనవేలి గోరు. చిటికెనవేలికి అంగుళం గోరు పెంచాడు. కళ్ళు కోసేవాడికి ఆ గోరెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బస్సు కదలగానే ఆ గోరు చెవిలో పెట్టి, కళ్ళు అరమోడ్చి తిప్పుకునేవాడు. బయటికి తీసి, వచ్చినదాన్ని తీరిగ్గా చూసుకుని, ఎదురుగా ఉన్న రేకుకి రాసేవాడు. అంతలో ఏ ముసలాయనో దగ్గరికొచ్చి, “బాబూ, నా కన్ను కాస్త చూడండయ్యా” అంటే, అదే చేత్తో ఆ ముసలాయన కింది రెప్ప కిందికి లాగి, “పొర ముదిరింది తాతా. శిబిరానికి రా” అనేవాడు. ఆ తాత పొంగిపోయి ఆ చేతినే కళ్ళకద్దుకునేవాడు. ఛీ! టిక్కెట్లు కొట్టటం మానేసి తల అటు తిప్పుకునేవాణ్ణి.

పనితనం లేనివాడేం కాదు. ఆయన చేతి మీదుగా చూపొచ్చినవాళ్ళు మా దారెంటా ఉన్నారు. అది కాదంటే నేనే అబద్ధాలకోరునవుతాను. అది నిజం కాబట్టే ఆ గోరునీ, ఆ ఉమ్మునీ అందరూ భరించారు.

ఆ రోజుల్లో శుక్లం ఆపరేషనంటే కంటి మీద కోసి, దారంతో కుట్లు వేసేవాళ్ళు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ పిలిచి ఆ కుట్లు విప్పేవాళ్ళు. మావాళ్ళకి ఆ రెండోసారి అంటేనే భయం. మొదటిసారి కళ్ళు కనపడక, తెగించి పడుకుంటారు. చూపొచ్చాక, చూస్తూ చూస్తూ కంట్లో కత్తెర పెట్టించుకోమంటే ఎవరికి ధైర్యం? పైగా మిరప కోతలప్పుడు పిలిస్తే ఎవరొస్తారు? అందుకని అసలు ఆపరేషనే వద్దనేవాళ్ళు. ఇదంతా ఆయనకి బాగా తెలుసు. ఒకసారి మద్రాసు పోయొచ్చి కొత్త మాట మొదలెట్టాడు. “కుట్లు ఇప్పే పనే లేదు. ఫారిన్ దారం వచ్చింది. పాలిమర్ దారం. కంట్లో అదే కరిగిపోద్ది. మళ్ళీ రాబళ్ళేదు” అని. ఊళ్ళకి ఊళ్ళు కదిలొచ్చాయి. దండలు, శాలువాలు, ఫోటోలు.

మా పెద్దమ్మ కూడా కదిలింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల్లో పని చేసింది. ఒకనాడు ఉడుకుతున్న సున్నం చింది ఎడమకన్ను పోయింది. నాకు ఉద్యోగం వచ్చాక కారంపూడి తెచ్చుకున్నాను. కూర్చోబెట్టి అన్నం పెడతానన్నా వినకుండా మిరపకాయల కల్లాలకు పోయి తొడిమలు తీసేది. మిగిలిన కుడికంటికి శుక్లం వచ్చింది. “ఒక్క కన్నేరా నాది. ఒకసారి సూది పెట్టించుకుంటా గానీ రెండోసారి నా వల్ల గాదు” అని రెండేళ్ళు మొండికేసింది. దారం కరిగిపోతుందని విని, “అయితే పోదాం పద” అంది.

శిబిరం కారంపూడి బళ్ళోనే పెట్టారు. ఆపరేషనయింది. కట్లు విప్పే రోజు నేను సెలవు పెట్టి పోయాను. వరండాలో బొంతల మీద ముసలివాళ్ళంతా వరసగా కూర్చున్నారు. కట్టు విప్పి, తుడిచి, దళసరి సోడాబుడ్డి కళ్ళద్దాలు ఒక్కొక్కరికీ పెడుతున్నాడు కాంపౌండరు. అప్పుడొచ్చాడు ఈయన. ఒక చేతిలో గాజుగ్లాసుతో నీళ్ళు, ఇంకో చేతిలో రేకు డబ్బీ. మా పెద్దమ్మ ముందే గొంతుక్కూర్చున్నాడు. డబ్బీ మూత తీసి, పటకారుతో తెల్లటి నూగు లాంటి పోగొకటి పైకెత్తాడు.

“ఇదిగోనమ్మా, మీ కళ్ళకేసిన దారం. చూస్తన్నారా? కనపడతందా?”

“కనపడతంది బాబూ” అంది పెద్దమ్మ.

ఆ పోగుని నీళ్ళలో వదిలాడు. గ్లాసుని ఒక్కసారి గుండ్రంగా తిప్పాడు. పోగు లేదు. నీళ్ళే ఉన్నాయి. బొంతల మీద ఉన్నవాళ్ళంతా “ఓయమ్మో!” అన్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు. నేనూ నోరు తెరుచుకుని చూశాను. నా బస్సులో వచ్చేవాడు, నాకు అసహ్యమైనవాడు, ఇంత గొప్పవాడా అనిపించింది.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. “ఒరేయ్ అబ్బాయా! దారం కనపడిందిరా. కనపడకుండా పోవటం గూడా కనపడిందిరా నాకు!” అని పకపకా నవ్వింది. రెండేళ్ళుగా ఏదీ సరిగా కనపడని మనిషి. కట్టు విప్పాక ఆ కంటికి తేటగా కనిపించిన మొదటి వస్తువు ఆ గ్లాసు.

కాంపౌండరు మాత్రం అందరికీ చెప్పాడు, కొన్నాళ్ళు కంటికి నీళ్ళు తగలనీయొద్దని. పెద్దమ్మ అలాగే జాగ్రత్తగా ఉంది. అన్నాళ్ళూ గడిచాయి. కానీ కంట్లో నలుసు పడ్డట్టు గుచ్చుకోవటం మొదలైంది. బస్సులో ఆయన్ని అడిగాను. “డాక్టరుగారూ, మా పెద్దమ్మకి ఇంకా గుచ్చుకుంటందంట. ఒకసారి తీసుకు రమ్మంటారా?”

ఆయన చెవిలోంచి గోరు తీయలేదు. “ఎందుకయ్యా? కొందరి ఒంట్లో ఆలిస్యం అవుద్ది. కరిగిపోద్దిలే.”

ఇంటికొచ్చి అదే చెప్పాను. పెద్దమ్మ తలూపి ఊరుకుంది. ఊరుకుందని నేననుకున్నాను. ఆవిడ లోపల ఆలోచన చేసింది. గ్లాసులో దారం ఎందుకు కరిగింది? నీళ్ళుండబట్టి. తన కంట్లో ఎందుకు కరగలేదు? నీళ్ళు తగలనీయొద్దన్నారు కాబట్టి. అంతే. చదువుకున్నవాడు ఎదురుగా కూర్చుని చేసి చూపించిన పాఠం అది. ఆవిడ ఒక్క అక్షరం కూడా పొల్లుపోకుండా నేర్చుకుంది.

నేను డ్యూటీకి పోగానే కాలవ గట్టుకు పోయేది. సాగరు కాలవ నీళ్ళు దోసిట పట్టి, కన్ను తెరిచి, అందులో ముంచేది. అవి చాలటం లేదనుకుని మిరప కల్లంలో ఘాటెక్కువగా ఉన్నచోట వెతుక్కుని కూర్చునేది. కంట్లో నీళ్ళు ధారగా కారాలని. పక్కనున్నవాళ్ళు, “ఏందమ్మా, అవతలికి జరగరాదూ?” అంటే, “కారనీ, లోపల కరగాల్సిందుంది” అనేదట. ఇవన్నీ తర్వాత కల్లంలోవాళ్ళు చెప్తే తెలిసింది. నా ముందు మాత్రం కళ్ళద్దాలు పెట్టుకుని, నవ్వుతూ అన్నం పెట్టేది.

ఒకరోజు పొద్దున లేవలేదు. రెప్పలు అంటుకుపోయాయి. మధ్యలోంచి చీము.

గుంటూరు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు పెద్దాయన. దీపం పెట్టి చూసి, సన్న పటకారుతో లోపల్నించి ఏదో లాగి, దూదిమీద పెట్టి నాకు చూపించాడు. నల్లటి దారం ముక్కలు. “పట్టుదారం. ఇది కరగదు. కుట్టు వదులై గుచ్చుకుంది. అక్కడ చీము పట్టింది. ఎప్పుడో విప్పేయాల్సింది. మళ్ళీ రమ్మని చెప్పలేదా మీకు?” అన్నాడు.

“రాబళ్ళేదన్నారండీ” అన్నాను.

చీము లోపలికంటా దిగిందని, చూపు ఇక రాదని చెప్పాడాయన. ఒక్క కన్నేరా నాది అంది పెద్దమ్మ. ఆ ఒక్కటీ పోయింది.

అప్పటికీ నా బుర్రకి పూర్తిగా ఎక్కలేదు. నేను చూసిన పోగు తెల్లటిది, కరిగింది. ఇక్కడేమో నల్లటిది, కరగలేదు. పొరపాటున ఒకదాని బదులు ఇంకొకటి వేశారేమో అనుకున్నాను. ఆయన్ని నిలదీద్దామంటే కొన్నాళ్ళు బస్సెక్కలేదు. ఎక్కిన రోజు మంచి ఎండాకాలం. పెట్టె పక్క సీట్లో పెట్టి, ఎదురుగా ఉన్న రేకుకి తల ఆనించి గుర్రు పెడుతున్నాడు. అడుగుదామని దగ్గరికి వెళ్ళాను. పెట్టె మీద చీమలు.

ఒకటీ రెండూ కాదు. సీటు కాలు పట్టుకుని బారులు తీరి, పెట్టె సందులోంచి లోపలికి పోతున్నాయి. జనం కళ్ళున్న పెట్టెకి చీమలెందుకు? మూత ఎత్తాను. లోపల రేకు డబ్బీ. దాని మూతా తీశాను. తెల్లటి నూగు, తడికి ముద్దకట్టి, దాన్నిండా చీమలు. వాసన చూడక్కర్లేకుండానే తెలిసింది. కోటప్పకొండ తిరునాళ్ళలో పిల్లల చేతుల్లో చూసిందే. పీచుమిఠాయి.

“డాక్టరుగారూ! ఏందండీ ఇది?”

కళ్ళు తెరిచి, డబ్బీ చూసి, నన్ను చూసి, కొంచెం కూడా జంకలేదు. చీమల్ని ఊది, గోటితో ఒక ముక్క గిల్లి నోట్లో వేసుకున్నాడు. ఆ గోటితోనే! “తిరునాళ్ళ సరుకేలేవయ్యా. నాకని రంగెయ్యకుండా చేసిస్తాడు” అని వేళ్ళు నాక్కున్నాడు.

“మరి కరిగిపోయే దారమన్నారు?”

“అసలుది లేకపోలేదయ్యా. ఉంది. పేటలో, నా ఆసుపత్రిలో పెద్దోళ్ళ కళ్ళకి వాడతా. అది ఊరందరికీ ఎయ్యాలంటే ఎట్టా? అయినా అసలు దారం గ్లాసులో ఏస్తే నెలల తరబడి కరగదు. చూసేదానికి ఏముంటది? మీవోళ్ళకి కళ్ళతో చూపిస్తేగాని ధైర్యం రాదు. ధైర్యం కోసం చూపించా. తప్పేంది?”

“మా పెద్దమ్మ కన్ను పోయిందండీ.”

“ఏ ఊరు?” అన్నాడు.

ఎవరు అని కాదు, ఎట్లా అని కాదు. ఏ ఊరు అన్నాడు. విజిల్ వేశాను. బస్సు ఆగింది. “దిగు. దిగవయ్యా కిందికి!” అన్నాను. ఊళ్ళేమీ లేని చోట, చుట్టూ ఎండిన పత్తి చేలు. డబ్బీ ఎత్తి బస్సంతా తిప్పి చూపించాను. “చూడండి, ఇది చక్కెర! మీ కళ్ళకేసింది పట్టుదారం. అది కరగదు. ఎవురెవురు ఆపరేషను చేయించుకున్నారో పోయి కుట్లు తీయించుకోండి!”

ఎవరైనా ఉమ్మేస్తారనుకున్నాను ఆయన మొహం మీద. సోడాబుడ్డి అద్దాల ముసలాయన లేచి నా మీదికే వచ్చాడు. “ఏందిరా నీ పెత్తనం? నాకు చూపిచ్చిన మారాజుని దించుతావా?” ఇంకొకామె, “చక్కెరయితే ఏంది, చింతపండయితే ఏంది? నాకు కనపడతందిగా!” అంది. సెగగడ్డ తగ్గిన మా డ్రైవరు కూడా వెనక్కి తిరిగి, “పోనీయన్నా, టైమయిపోతంది” అన్నాడు. ఒక్కడంటే ఒక్కడు నా పక్కన లేడు.

ఆయన అసలు సీట్లోంచి లేవనేలేదు. చెయ్యి చాచి నా చెంప తట్టాడు. “పెద్దమ్మంటే కోపం ఉంటదిలే పాపం. కరిగిపోద్దిలే” అన్నాడు. నోట్లో పెట్టి నాకిన వేళ్ళు. చెంప మీద ఆ ఎంగిలి, ఆ చక్కెర జిగురు. మాచర్ల బస్టాండులో పంపు కింద తల పెట్టి కడుక్కున్నాను, సబ్బు అడుక్కుని మళ్ళీ కడుక్కున్నాను. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా చెంప తుడుచుకున్నాను.

ఆ తర్వాత నేను ఆ డబ్బీ సంగతి చెప్పిన చోటల్లా నన్నే పిచ్చోణ్ణి చేశారు. ఆయన పోయినప్పుడు పేటలో కొట్లు మూశారని విన్నాను.

ఇక డాక్టరమ్మ జవాబు. నేను అరుస్తుంటే ఆ పిల్ల బిత్తరపోయింది గానీ కసురుకోలేదు. “నీళ్ళలో వేస్తే మీకు కనపడేట్టు కరగదు తాతగారూ. నెలలు పడుతుంది. చూపించటానికి నా దగ్గర ఏమీ లేదు” అంది. “మధ్యలో గుచ్చుకున్నా, ఎర్రబడినా, చూపు తగ్గినా ఆ రోజే రండి. కరిగిపోతుందిలే అని మాత్రం ఇంట్లో కూర్చోవద్దు.”

చూపించలేనని చెప్పిన డాక్టర్ని మొదటిసారి చూశాను. “వెయ్యమ్మా” అన్నాను.

వేయించుకుని వచ్చి మంచం మీద కళ్ళు మూసుకుంటే పెద్దమ్మే. ఆయన చెంప తట్టిన రోజు, డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆవిడ గడపలో కూర్చుని చేటలో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. చూపు లేకపోయినా ఆ పని మానలేదు. పక్కన కూర్చుని అంతా చెప్పాను. చీమలూ, డబ్బీ, పీచుమిఠాయి, పేటలో పెద్దోళ్ళకి దాచిన దారం. చెప్తూ ఏడ్చాను. ఆవిడ వేళ్ళు ఆగలేదు. అంతా విన్నాక తల అడ్డంగా ఊపింది.

“చక్కెరేందిరా? దారం కరగటం నా కంటితో నేను చూశాగా” అంది. నా వైపనుకుని గోడ వైపు తిరిగి, మెల్లగా చెప్పింది. “నేనే నీళ్ళు సరిగా పోసుకోలేదబ్బాయా. ఆయన్నేమీ అనమాక.”